సగంలో ఆగిన నిర్వచనం

మా బడిలో సాహిత్యం చెప్పే మాస్టారికి ఒకటే జబ్బు. కళ్లెదుట ఏం జరిగినా సరే, కథల్లోనూ నాటకాల్లోనూ దాన్నేమంటారో చెప్పందే ఆయనకు ఊపిరాడదు. అందుకే అసలు పేరు ఎప్పుడో మూలన పడి, నిర్వచనం మాస్టారు అన్న పేరే స్థిరపడింది. నేను అదే బడిలో లెక్కలు చెబుతాను. స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ నాది. ఆ కుర్చీలో కూర్చోవడం ఏమిటో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

టీ ఆలస్యమైతే అది ఉత్కంఠ. వచ్చిన టీలో చీమ ఉంటే సంఘర్షణ.

"మనిషికీ ప్రకృతికీ మధ్య వచ్చింది కాబట్టి బాహ్య సంఘర్షణ. తాగాలా వద్దా అని మీలో మీరు కొట్టుకుంటున్నారు చూశారా, అది అంతస్సంఘర్షణ."

"నేనేం కొట్టుకోవడం లేదండీ. పారబోస్తున్నాను."

"అయితే పరిష్కారం కూడా వచ్చేసింది," అని తృప్తిగా తన టీ తాగేవారు.

ఒకరోజు హెడ్మాస్టరుగారు రంగు ఆరని బెంచీ మీద కూర్చుని లేచారు. ప్యాంటు వెనక ఆకుపచ్చ చారలు. ఆయన గంభీరంగా వరండాలో నడుస్తుంటే, పాపం చెబుదామని నేను లేచాను.

"కూర్చోండి టీచరుగారూ," అన్నారు మాస్టారు. "ప్రేక్షకులకు తెలుసు, పాత్రకు తెలియదు. దీన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. చెప్పేస్తే దాని ప్రాణం పోతుంది."

హెడ్మాస్టరుగారు సాయంత్రం దాకా ఆ చారలతోనే బడంతా తనిఖీ చేశారు.

మొదలుపెట్టిన నిర్వచనాన్ని మాస్టారు మధ్యలో వదిలిన దాఖలా లేదు. పాఠం చెబుతుండగా ఒకసారి కుర్చీ కాలు విరిగింది. కుర్చీలో మొదలుపెట్టిన వాక్యాన్ని నేల మీద పూర్తి చేసి, ఆ తర్వాతే దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకున్నారు. హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి పిలిచినా అంతే, ముందు నిర్వచనం, తర్వాతే ఆయన. విసుక్కుంటూనే ఈ మనిషిని చూసి అబ్బురపడేదాన్ని.

ఆ ఏడాది వార్షికోత్సవానికి మాస్టారు ఒక నాటకం రాసి పిల్లలకు నేర్పారు. మా బడిలోనే చదివే నా కూతురు హాజరు పలకడానికే గుటకలు మింగే పిల్ల. అలాంటిది తనంతట తానే వెళ్లి రాణి వేషం అడిగింది.

"ఒక్కసారి చేసి చూస్తానమ్మా. నవ్వులపాలైతే మాత్రం మళ్లీ స్టేజీ ఎక్కమని అడక్కు," అంది. అన్నంత పనీ చేసే రకం.

నాటకంలో కోట బయట గాయపడ్డ అన్న, అతని వెనకే శత్రువు. తలుపు తీయాలా వద్దా అని రాణి తనలో తాను మథనపడాలి. నా కూతురు రెండడుగులు ముందుకొచ్చి నోరు తెరిచింది. మాట రాలేదు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల పెదవి వణికింది. ముందు వరసలో నేను కుర్చీ అంచుకు జరిగాను.

అప్పుడు తెర పక్కనుంచి మాస్టారు తాపీగా నడుచుకుంటూ వచ్చారు.

"ఒక్క నిమిషం. ఇప్పుడు రాబోయేదాన్ని స్వగతం అంటారు. అంటే పాత్ర తనలో తాను అనుకునే మాట. ఈ రాణి ఏమనుకుంటోంది? తలుపు తీస్తే శత్రువు వస్తాడు, తీయకపోతే అన్న పోతాడు అనుకుంటోంది."

హాలు గొల్లుమంది. "ఇక్కడ కూడా పాఠమేనా, దిగండి మాస్టారూ," అని అరుపులు. నవ్వంతా ఆయన మీదికి మళ్లింది. హెడ్మాస్టరుగారు లేచి నిలబడి, "ఏమిటండీ ఇది," అన్నారు. మాస్టారు అటు చూడనైనా లేదు. "ఇలా మనసు రెండుగా చీలడాన్ని అంతస్సం..." అంటూ నా కూతురి మొహంలోకి చూశారు. దాని పెదవులు కదిలాయి. అంతే, మాట అక్కడే వదిలేసి గిరుక్కున తిరిగి వెళ్లిపోయారు.

"తలుపు తీస్తే శత్రువు వస్తాడు," అని నా కూతురు అందుకుంది. ఒళ్లు మండి ఉంటుంది, గొంతు ఖంగుమంది. నాటకం అయ్యాక హాలంతా చప్పట్లు. నేను మాత్రం ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయాను. కుర్చీ విరిగినా ఆగనివాడు, హెడ్మాస్టరుకైనా ఆగనివాడు, ఒక పిల్ల పెదవి కదిలిందని సగం మాట మీద ఆగిపోయాడు. అంతమంది నవ్వును అంత తేలిగ్గా నెత్తికెత్తుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు హెడ్మాస్టరుగారు ఆయనకు గట్టిగానే తలంటారు. ఆ తర్వాత నా కూతురు స్టాఫ్‌రూముకొచ్చింది.

"మాస్టారూ, నేను చెప్పబోతుంటే మధ్యలో వచ్చేశారేంటండీ? నాకన్నీ గుర్తున్నాయి. వచ్చే ఏడాది మాత్రం మీరు తెర వెనకే ఉండాలి."

వచ్చే ఏడాది అన్న మాట వినగానే నా కళ్లు చెమర్చాయి.

"తప్పయిపోయింది తల్లీ. ఉండబట్టలేకపోయాను," అన్నారు మాస్టారు తల దించుకుని.

ఇక నా వల్ల కాలేదు. ఉన్నమాట చెప్పేద్దామని లేచాను.

"కూర్చోండి టీచరుగారూ," అన్నారాయన టీ కప్పులోంచి కళ్లెత్తకుండానే. "ప్రేక్షకులకు తెలుసు, పాత్రకు తెలియదు."

నేను కూర్చున్నాను. మిగతా సగం నా నోటినుంచే వచ్చింది. "దీన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు."

నా కూతురు నన్ను ఎగాదిగా చూసింది. "నీకూ అంటుకుందా అమ్మా, ఈ జబ్బు?"