పాప నాగర్‌కర్నూల్ వెళ్లే ఆదివారాలు

విడాకులు వచ్చాక నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఆదివారం. మిగతా రోజులు బడి ఉండేది. అప్పటికింకా మా ఊళ్లన్నీ పాలమూరు జిల్లాలోనే ఉన్నాయి. పెద్దమందడి మండలంలో ఒక సర్కారు బడిలో నేను టీచర్ని. వనపర్తిలో అద్దె ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. నాలుగో తరగతి చదివే మా పాప నాతోనే ఉండేది. ఆదివారం పొద్దున వాళ్ల నాన్న నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి వనపర్తి బస్టాండులో పాపను తీసుకెళ్లేవాడు. సాయంత్రం చీకటి పడకముందే మళ్లీ అక్కడే దించాలి. కోర్టులో ఇద్దరం ఒప్పుకున్న పద్ధతి అది.

పాప చెయ్యి నా చేతిలోంచి ఆయన చేతిలోకి మారే ఆ కాసేపు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. కాపురంలో ఉన్నప్పుడు ఆయన్ని 'మీరు' అనేదాన్ని. ఇప్పుడు ఏమనాలో తెలియక, "జలుబు ఉంది, చల్లటివి పెట్టొద్దు" అని గాలిలోకి చెప్పేదాన్ని. ఆయనా ఎటో చూస్తూ "పొద్దుగూకకముందే తెస్త" అని పాప సంచీ అందుకునేవాడు. బస్సు కదిలాక ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే, ఇల్లుగలావిడ కిటికీలోంచి చూస్తోందనిపించేది. చాలాసార్లు నిజంగానే చూసేది.

మా బడిలో నాకన్నా పెద్ద టీచరమ్మ ఒకామె ఉండేది. అక్కా అని పిలిచేదాన్ని. ఒక సోమవారం నా ముఖం చూసి అడిగింది.

"నిన్నంత ఏం జేసినవ్?"

"బట్టలుతికిన."

"మొన్న ఆదివారం?"

"బట్టలే."

"ఉన్న బట్టలు ఎన్నిసార్లు ఉతుకుతవ్? ఒక్కదానివే ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది. మా బాయికి రా, ఈత నేర్పిస్త."

"ఈ వయసుల ఈతేంది అక్కా?"

"రమ్మంటే రా."

వాళ్ల చేను పెద్దమందడి దాటాక రోడ్డు పక్కనే. వెడల్పాటి మెట్ల బావి. పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, వీపుకు మూత గట్టిగా పెట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టించుకుని మెట్లు దిగాను. నడుము లోతు నీళ్లలో నిలబడి మెట్టు అంచును రెండు చేతులా పట్టుకున్నాను. ఆ రోజు ఇక వదల్లేదు. అక్క పైనుంచి "ఇడువు, ఇడువు" అని అరుస్తూనే ఉంది. తర్వాతి వారం వదిలాను. నీళ్లు మింగాను, ముక్కు మండింది, చెవులు మూసుకుపోయాయి. కానీ నీళ్లలో ఉన్నంతసేపు కోర్టు మెట్లు గుర్తురాలేదు, ఆ కిటికీ గుర్తురాలేదు. మునగకుండా ఉండటమొక్కటే పని. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటే నిద్ర పట్టింది.

పాపకు మాత్రం చెప్పలేదు. నాగర్‌కర్నూల్ వెళ్లిన ప్రతిసారీ అక్కడ దాన్ని అడుగుతారని నాకు తెలుసు. మీ అమ్మ ఏం చేస్తుంది, ఎవరొస్తారు, ఎక్కడికి పోతుంది? దానికేమీ తెలియకపోతే అబద్ధం ఆడాల్సిన పని ఉండదనుకున్నాను.

అక్క తమ్ముడు గద్వాలలో బ్యాంకు ఉద్యోగి. భార్య జబ్బుతో చనిపోయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. అప్పుడప్పుడు ఆదివారాలు తల్లిని చూడటానికి, బావి మోటారు చూడటానికి వచ్చేవాడు. మేము నీళ్లలో ఉన్నంతసేపు చేను అవతలి గట్టుమీదే ఉండేవాడు, ఇటు వచ్చేవాడు కాదు. తర్వాత అందరం కలిసి జొన్నరొట్టె తినేవాళ్లం. మొదట రొట్టె గురించి, తర్వాత బడి గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఫోనులో మాట్లాడుకున్నాం. ఆయన నన్ను మేడం అనేవాడు, నేను సార్ అనేదాన్ని. ఆ రెండు మాటలూ చివరిదాకా మారలేదు.

రెండు మూడు ఆదివారాలు బావికి పోకుండా గద్వాల వెళ్లాను. ఆడమనిషీ మగమనిషీ హోటల్లో కూర్చుంటే పది కళ్లు చూస్తాయి. రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే రైలు కోసం చూస్తున్నారనుకుంటారు. అందుకని ప్లాట్‌ఫారం చివరి బెంచీ ఎంచుకున్నాం. కర్నూలు వైపు వెళ్లే రైలు వచ్చినప్పుడల్లా దానికోసమే వచ్చినట్టు లేచి నిలబడేవాళ్లం. అది వెళ్లిపోయాక నవ్వుకుని మళ్లీ కూర్చునేవాళ్లం. ఆయన తన భార్య చివరి రోజుల గురించి చెప్పేవాడు. నేను పాప గురించి చెప్పేదాన్ని. ఒకసారి ఆయన నా చేతిమీద చెయ్యి వేశాడు. నేను వెనక్కి తీసుకోలేదు.

ఎవరో చూశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఆ మరుసటి ఆదివారం సాయంత్రం బస్టాండులో నాగర్‌కర్నూల్ బస్సు ఆగింది. అందరూ దిగారు. పాప దిగలేదు. తర్వాతి బస్సులోనూ లేదు. ఫోను చేస్తే చాలాసేపటికి ఎత్తాడు.

"పిల్ల ఈడనే ఉంటది."

"ఎందుకు?"

"గద్వాల స్టేషన్ల ఎవనితోని కూసున్నవో నువ్వే జెప్పు."

"పాపతోని మాట్లాడాలె" అన్నాను. పెట్టేశాడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను. తెల్లవారి మొదటి బస్సుకే బయల్దేరాను. దారిలో గద్వాల నుంచి ఫోను వచ్చింది. అక్క చెప్పిందట.

"నేను గూడ వస్త మేడం."

"వద్దు సార్. మీరొస్తే మాట పాప మీద ఉండదు. మన మీదికి పోతది."

"ఒక్కరే ఎట్ల?"

"పోయిన కాడికి పోత" అన్నాను.

నేను కాపురం చేసిన ఇంటి ముందు చెప్పులు విప్పకుండానే నిలబడ్డాను. వాళ్లమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన లుంగీ మడుచుకుంటూ వచ్చాడు.

"మల్ల కోర్టుకు పోదాం. ఆడపిల్లను పెట్టుకోని గివేం పనులని జడ్జినే అడుగుత."

"అడుగు. నేను దాచెటిదేం లేదు. ఆయన భార్య సచ్చిపోయింది. స్టేషన్ల కూసోని మాట్లాడుకున్నం. ఇంకేం కావాలె నీకు?"

ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. వీధిలో పాలాయన సైకిల్ ఆపి చూస్తున్నాడు. పాప వాళ్ల నాన్న తలుపును గట్టిగా పట్టుకున్నాడు. నేను కదల్లేదు. కదిలితే మళ్లీ ఆ గడప దాకా రాగలనో లేదో తెలియదు.

అప్పుడు పాప బయటికొచ్చింది. నిన్నటి గౌనే ఉంది ఒంటిమీద. జడ ఊడిపోయింది.

"రా బిడ్డా, బడికి పోదాం."

రాలేదు. నాయనమ్మ వెనక నిలబడి అడిగింది.

"మా, నువ్వు ఈత నేర్సుకుంటున్నవంట గదా? నాన్న జెప్పిండు."

"అవును."

"నేను లేనప్పుడే?"

"అవును."

"నేను లేకుంటే నీకు మంచిగుంటదా?"

నేను బస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ ఆయన కోసం. పాపకు చెప్పడానికి ఒక్కటీ లేదు.

"నువ్వు లేకుంటే నాకు పొద్దు పోదు. ఇంట్ల ఉండబుద్ధి కాదు. అందుకే పోయిన" అన్నాను.

అది నా ముఖంలోకి చూస్తూ ఉంది. వాళ్ల నాయనమ్మే కొడుకు వైపు తిరిగింది.

"రాత్రి పిల్ల అన్నం గూడ దినలే. బడి మాన్పిచ్చి ఏం జేస్తవ్? పంపు. మీ పంచాయితీ మీరు సూసుకోండ్రి, దాన్ని పరేషాన్ జెయ్యకుండ్రి."

ఆయన లోపలికెళ్లి పాప సంచీ తెచ్చి గడప మీద పెట్టాడు. "ఆదివారం వస్త" అన్నాడు, ఎప్పటిలాగే గాలిలోకి.

తిరుగు బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. బిజినేపల్లి దాటాక అడిగింది.

"ఆ సారు గట్టిగ అరుస్తడా?"

"ఇప్పటిదాంక అరవలే."

"నాన్న గూడ మొదట్ల అరవకుండెనా?"

"అరవకుండె" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అది తల ఊపి మళ్లీ బయటికి చూసింది.

దసరా సెలవుల్లో దాన్ని బావికి తీసుకెళ్లాను. సారు అక్కడే ఉన్నాడు. పాపకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడు. తీసుకుని, తెరవకుండా గట్టుమీద పెట్టింది. ఆయన ఎప్పటిలాగే చేను అవతలికి వెళ్లిపోయాడు. నేను నీళ్లలో దిగడానికి చున్నీ కట్టుకుంటున్నాను. అక్క డబ్బా వెతుకుతోంది. వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే గట్టుమీద పాప లేదు.

నీళ్లమీద బుడగలు కనిపించాయి. పాప కనిపించలేదు.

నేను డబ్బా లేకుండానే దూకాను. కళ్లు తెరిస్తే అంతా పచ్చగా, మసగ్గా ఉంది. చేతులకు నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు. ఊపిరాడక పైకొచ్చి అరిచాను, మళ్లీ మునిగాను. రెండోసారి పైకొచ్చేసరికి అవతలి మెట్టు మీద పాప కూర్చుని ముఖం తుడుచుకుంటోంది.

"యాడికి పోయినవే!" అని ఏడుస్తూ అటు ఈదాను. వీపుకు ఏమీ కట్టుకోకుండా బావి దాటానన్న సంగతి మెట్టు పట్టుకున్నాకగానీ తెలియలేదు.

"నాకు ఈతొస్తది. నాన్న నేర్పిండు, కాలువల."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వడగలే."

నిజమే. అక్కడ వాళ్లు దాన్ని అన్నీ అడిగేవాళ్లు. అలా అడగకూడదని పంతం పట్టి నేను ఏమీ అడిగేదాన్ని కాదు. నాగర్‌కర్నూల్లో ప్రతి ఆదివారం ఒక తండ్రి దాని పొట్టకింద చెయ్యిపెట్టి నీళ్లమీద నిలబెట్టాడని నాకు తట్టనే లేదు. ఆ మనిషి మీద కోపం అలాగే ఉంది. దాని పక్కన ఇంకోటి కూడా చేరింది.

చేను అవతల నుంచి పరుగెత్తుకొచ్చిన సారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఒక కాలికి బూటు ఉంది, ఇంకో కాలికి లేదు. ప్యాంటు తడిసిపోయింది. పాప ఆయన్ని తేరిపార చూసింది.

"మీకు ఈత రాదా?"

"రాదు బిడ్డా."

"మరెందుకు దిగినరు?"

ఆయన మిగిలిన బూటు కూడా విప్పి నీళ్లు ఒంపాడు. పాప ఆ రోజు బిస్కెట్లు తింది.

తర్వాత రెండేళ్లకు పైగా మేము ముగ్గురం ఆ చేనులో ఎన్నో ఆదివారాలు కలుసుకున్నాం. పాపను వాళ్ల నాన్న రెండు వారాలకొకసారి తీసుకెళ్లేలా మాట్లాడుకున్నాం. కోర్టు మాట మళ్లీ రాలేదు. సారు పెళ్లి సంగతి ఎత్తాడు. పాప పదో తరగతి అయ్యేదాకా ఆగుదామన్నాను. ఆయన సరేనన్నాడు. కానీ వాళ్లమ్మ ఆగలేకపోయింది. ఆ తర్వాత ఆయనా ఆగలేకపోయాడు. గద్వాల దగ్గర గట్టు అనే ఊరి సంబంధం కుదిరిందని ఆయనే ఫోను చేసి చెప్పాడు, అక్కతో చెప్పించలేదు. అందుకు ఇప్పటికీ గౌరవమే. "మంచిది సార్" అన్నాను.

పాప అప్పటికి ఏడో తరగతి. వంటింట్లో నేను కూరగాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"బాధైతుందా మా?"

"ఐతుంది."

"నాన్నకు చెప్పను తీ."

"చెప్పినా ఏం గాదు" అన్నాను.

అది నా ముందున్న కత్తిపీట తన వైపు జరుపుకుని మిగిలిన బెండకాయలు తాను తరిగింది. ముక్కలన్నీ వంకరటింకరగా వచ్చాయి. అలాగే పొయ్యి మీది మూకుట్లో వేశాను.