అరిచి పాడే అక్క

మా గల్లీలో అందరూ ఆమెను మున్సిపాలిటీ అక్క అనేవారు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలంగాణ నేత కార్మికుల బిడ్డ. మా లింబాయత్ బస్తీలో ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం కనుక్కోవడం ఆమె ఉద్యోగం. ఆదివారాలు మాత్రం గిటార్ల హోరులో గొంతు చించుకుని పంక్ పాటలు పాడేది. ఎవరింటికి వెళ్లినా గడప మీద కూర్చునే మాట్లాడేది. నిలబడి చెబితే హుకుంలా ఉంటుందట.

కరోనా రెండో ఏడు మా నాయనకు ఊపిరాడలేదు. దవాఖానకు రానని మొండికేశాడు. అక్క వచ్చి గడప మీద కూర్చుంది.

“పోయినోళ్లు మర్లి వస్తలేరు బిడ్డా,” అన్నాడు నాయన.

“నేను తోల్కపోతా కాకా. నేనే తోల్కొస్తా.”

ఆ మాట నమ్మి నాయన చొక్కా తొడుక్కున్నాడు. ఆరో రోజున చనిపోయాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చిన అక్క ఆరోజు కూర్చోలేదు.

ఆ చలికాలంలో మొదటిసారి ఆమె పాట వినడానికి వెళ్లాను. హిందీ పాట మధ్యలో “నేనే తోల్కొస్తా” అని తెలుగులో అరవసాగింది. అర్థం కాకపోయినా కుర్రాళ్లు గెంతుతున్నారు.

పాటయ్యాక దగ్గరికి వెళ్లాను. “ఆఖరు ఫోన్ల నాయన నిన్నే అడిగిండక్కా. బిడ్డ అన్నం తిన్నదా అని.”

ఆమె బొంగురుపోయిన గొంతుతో అంది:

“మీ అమ్మకు రెండో టీకా పడలే గద. రేపు పొద్దుగాల నేనొస్త. జర తయారుగుండుమను.”