పద్నాలుగడుగుల గోడ

పన్నెండేళ్లుగా ఒక గోడ సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మా ఇంటావిడకీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు గొప్పలు చెప్పుకుంటాను, ఏమనుకోకండి. జిప్సం బోర్డు గోడలు కట్టడంలో చీపురుపల్లి నుంచి కోటబొమ్మాళి దాకా నన్ను మించిన మేస్త్రి లేడు. పని అప్పగించే రోజు యజమాని ఎదుటే నా గోడకి భుజం ఆనించి గట్టిగా తోస్తాను. కదలదు. ఎందుకు కదులుతుంది? గోడ ఎత్తు కొలిచి, కంపెనీ ఇచ్చిన పట్టిక చూశాకే బోర్డుల వెనక నిలబెట్టే రేకు స్టడ్లు ఎంచుతాను. కట్టడాల నియమాల కోడ్ ప్రకారం ఏ వెడల్పు స్టడ్ ఎంత ఎత్తుకి ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

అప్పట్లో పట్టిక చూసేవాణ్ణి కాదు. స్టడ్‌ని చేత్తో వంచి చూస్తే చాలనుకునేవాణ్ణి. అరసవల్లిలో ఒక డాక్టరు గారి ఆసుపత్రికి పద్నాలుగడుగుల గోడ కట్టాలి. రెండంగుళాల స్టడ్లు దించాను. నా దగ్గర పనిచేసే మా ఆవిడ తమ్ముడు అప్పలస్వామి పట్టిక పట్టుకొచ్చాడు.

“బావా, ఈ ఎత్తుకి ఇవి సాలవు. ఎడల్పువి తెద్దుం. ఓపాలి సూడు.”

“నువ్వేటిరా నాకు సెప్పొచ్చేది? నా సెయ్యి సూసింది సాల్దేటి?”

నెల తిరక్కుండానే, తలుపు వేసినప్పుడల్లా గోడ ఊగడం మొదలెట్టింది. అతుకుల దగ్గర బీటలు. డాక్టరు గారు పిలిచి పనివాళ్లందరి ఎదుటా అడిగారు. అప్పలస్వామి నా పక్కనే ఉన్నాడు. స్టడ్లు మా బామ్మర్ది ఎంచాడండి, ఆ రోజు నేను ఊళ్లో లేను అన్నాను. అంత మాట నోట ఎలా వచ్చింది? భయమా? కాదు. నా చెయ్యి తప్పిందని నలుగురికీ తెలియడం భరించలేక, పక్కనున్న మనిషి పేరు పోతుందని తెలిసీ అన్నాను. వాడు ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. అక్క మొగుణ్ణి పదిమందిలో అబద్ధాలకోరు అనలేకపోయాడు. వెడల్పు స్టడ్లతో గోడ మళ్లీ కట్టాను. నా మాట ఊరంతా పాకి, వాణ్ణి మాత్రం ఇంకెవరూ పనికి పిలవలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

వాడు తెచ్చిన పట్టిక ఇంకా నా సంచిలోనే ఉంది. దాన్ని చూసే ఇంత పేరు తెచ్చుకున్నాను. ఎవరు నేర్పారని అడిగితే అనుభవం అంటాను. మొన్న వాడి ఆటోలోనే పనికి వెళ్లాను. పని బాగా సాగుతోందా బావా అని అడిగాడు. బాగుందన్నాను. అప్పుడైనా తప్పు నాదేనని నేను చెప్పొచ్చుగా?

నా గోడలంటే నాకిప్పటికీ గర్వమే. అది పోదు. కానీ ఆసుపత్రి గోడకి ఆ స్టడ్లు ఎంచింది నేను. వద్దన్నది అప్పలస్వామి. ఈ రెండు ముక్కలూ వాడి ఎదుట ఎప్పుడంటానో తెలియదు. ఇవాళ మీతో అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.