మేక తిన్న కొమ్ము

మాది భద్రాచలం దారిలో అడవి అంచు ఊరు. నిరుడు స్కూలు వేడుకలో రెండో తరగతి చదివే మా బాబు కోయల కొమ్ము నృత్యం చేస్తానన్నాడు. తలకు కట్టడానికి పాత పేపర్లు, మైదాపిండి జిగురుతో రెండు దున్న కొమ్ములు చేసి, నల్లరంగు వేసి ఎండలో పెట్టాను. వాడికి స్నానం చేయించి వచ్చేసరికి పక్కింటి మేక ఒక కొమ్మును నమిలేస్తోంది!

బాబు ఏడుపు అందుకున్నాడు. మా అత్తమ్మ పెరట్లోంచి వంకర పొట్లకాయ కోసుకొచ్చింది.

"ఊకో బిడ్డా, గిదే నీ కొమ్ము" అని వాణ్ని ఊరడించి, "జల్దీ నల్లగుడ్డ చుట్టు పిల్లా" అంది నాతో.

స్టేజీ మీద దున్నలు కుమ్ముకునే ఘట్టం వచ్చింది. మొదటి దెబ్బకే పొట్లకాయ ఫట్‌మని విరిగి హెడ్మాస్టరు గారి ఒళ్లో పడింది. జనం గొల్లున నవ్వారు. సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మావాడు ఒంటికొమ్ముతోనే ఎదుటి దున్నను స్టేజీ చివరిదాకా తరుముతున్నాడు! ఒకటే చప్పట్లు!

దిగగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నా కొమ్ము ఇరిగింది చూసినవా? ఎంత మంచిగ సప్పుడైందో!"

నేను చూడలేక కళ్లు మూసుకున్న ఆ క్షణమే వాడికి అన్నింటికన్నా నచ్చిందట!