చక్కెర ఏనుగు కరిగేదాకా

మా పాప బడి టీచరమ్మ చనిపోయారు. పొద్దున ఉప్మా కలుపుతుంటే ఫోను మోగింది. తల్లిదండ్రుల గ్రూపులో ‘ఈరోజు బడి లేదు’ అని ఉంది. అలవాటుగా బొటనవేలి బొమ్మ పెట్టేశాను. దాని కింది మెసేజి ఆ తర్వాత చదివాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని ఆమె చెల్లెలు రాశారు. ఇదెలా నిజమవుతుంది? నిన్న సాయంత్రమే కదా, గేటు దగ్గర నాతో నవ్వుతూ మాట్లాడారు!

యలహంక పాత ఊళ్ళో తన ఇంటి ముందుగదిలోనే ఆమె బడి నడిపేవారు. అనంతపురం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళ పిల్లలూ, మాలాంటి ఆఫీసు ఉద్యోగుల పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. సంక్రాంతికి ఇక్కడి కన్నడవాళ్ళు ఇంటింటికీ ఎళ్ళు బెల్ల పంచుతారు. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపి, పైన చక్కెర అచ్చు బొమ్మలు పెట్టి ఇస్తారు. కొందరు పిల్లలకు డబ్బాలకు డబ్బాలు వచ్చేవి, కొందరికి ఇచ్చేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు. అందుకే టీచరమ్మ అందరివీ బడికి తెప్పించి పెద్ద తాంబాళంలో కుమ్మరించేవారు. చాలకపోతే తనే కొయ్య అచ్చుల్లో పాకం పోసి చిలకలూ ఏనుగులూ చేసేవారు. ఏది ఎవరింటిదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ వారమంతా పలకలు మూలకే. నువ్వులొక గిన్నెలోకి, పుట్నాలొక గిన్నెలోకి ఏరాలి. మధ్యలో లెక్క తప్పేది, తప్పక ఏమవుతుంది!

“ఐదు పుట్నాలిస్తిని, నాలుగే ఉండాయే. యాడప్పా ఇంగోటి? నోరు తెరు!”

టీచరమ్మ అలా అనగానే గదిలో ఉన్న పిల్లలందరూ నోళ్ళు తెరిచేవాళ్ళు. మా పాపకు తీసివేతలు వచ్చింది అలాగే.

“పళ్ళు పుచ్చిపోవా టీచరమ్మా?” అని ఒకసారి అడిగాను.

“తినేది చిటికెడమ్మా, చూసేది తట్టెడు” అన్నారు.

ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబిచ్చేవారు కాదు. “నేనే చెప్పేస్తే నీ కండ్లకేం పని?” అనేవారు. పోయిన ఏడాది గాజుగ్లాసు నీళ్ళలో చక్కెర చిలకను వేసినప్పుడు పాపతో పాటు నేనూ అక్కడే ఉన్నాను. ముక్కు కరగడం మొదలవగానే ఒక మేస్త్రీ కూతురు భోరుమని తల తిప్పేసుకుంది. టీచరమ్మ ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జిగురు వేళ్ళతో గడ్డం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పారు.

“మొగం తిప్పుకోవద్దు కందా. ఏడుస్తానే చూడు, ఏం కాదు.”

ఆ పిల్ల వెక్కుతూనే చివరిదాకా చూసింది. తర్వాత చిలక ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి గ్లాసులో ముందుగా వేలు ముంచి నాకింది కూడా ఆ పిల్లే.

నిన్న గేటు దగ్గర మా పాప చేతిలో చక్కెర ఏనుగును పెట్టి, “తినేయొద్దప్పా. రేపు దీన్ని నీళ్ళలో ఏసి చూద్దాం” అన్నారు. ఆ రేపు ఇదేనా?

స్టవ్ ఆపి, పాపను వాళ్ళ నాన్న దగ్గర వదిలి పరుగెత్తాను. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. కిటికీలో పల్చటి గుడ్డ కప్పిన తాంబాళం, గుడ్డ కింద ఏనుగుల వీపులు. గడప ఇవతల నుంచి ఆమె పాదాలు కనిపించాయి. అంతే, తల తిప్పుకున్నాను. లోపలికి వెళ్ళడం నా వల్ల కాలేదు. ముఖం చూడకుండానే ఇంటికి వచ్చేశాను.

పాపకు చెప్పక తప్పలేదు. టీచరమ్మ చనిపోయారనీ, ఇక పాఠాలు చెప్పరనీ చెప్పాను.  పాప డబ్బాలోంచి ఏనుగును తీసి, గాజుగ్లాసు పట్టుకొచ్చింది.

“టీచరమ్మ ఈరోజు చూద్దామనింది” అని నీళ్ళలో వదిలింది.

మొదట తొండం పోయింది. తర్వాత చెవులు పల్చబడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు. గోడ వైపు తిరిగాను. చిన్న చిన్న జిగురు వేళ్ళు నా గడ్డం పట్టుకున్నాయి.

“అమ్మా, మొగం తిప్పుకోవద్దు. ఏడుస్తానే చూడు.”

చూశాను, ఏనుగు మొత్తం కరిగేదాకా. ఆ తర్వాత చేతులైనా కడుక్కోకుండా ఇద్దరం ఆ వీధికి నడిచాం. ఈసారి గడప దాటాను. ఆమె ముఖం చూస్తున్నంతసేపూ పాప అరచేయి నా అరచేతికి అంటుకునే ఉంది.