పగడాల మీద బావి ఈత

నా స్నేహితుడు ప్రొద్దుటూరులో టైలరు. అంతకుముందు చాలా ఏళ్లు కువైట్‌లో టైలరు. ఆయన కుట్టిన చొక్కాకు వంక పెట్టలేం గానీ, ఆయన చెప్పే మాటకు పెట్టొచ్చు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడల్లా మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, శుక్రవారమొస్తే చాలు సముద్రంలో మునిగి పగడాల మధ్య తిరిగేవాణ్నని చెప్పేవాడు. ఆ పిల్ల నోరు తెరుచుకుని వినేది. పక్కనే టీ తాగుతున్న నేను గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాణ్ని. మా ఊరు లింగాల బావిలో మొదటి మెట్టు దిగడానికే గోడ పట్టుకున్న మనిషి మరి.

ఆ పిల్ల పెద్దదై అండమాన్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. పోయిన చలికాలంలో ఫోన్ చేసి, నువ్వు చెప్పిన పగడాలు ఇక్కడ కూడా ఉన్నాయి దాదా, పడవలో తీసుకుపోయి చూపించే వాళ్లున్నారు, ఇద్దరం కలిసి దిగుదాం రమ్మంది. టికెట్టు కూడా తీసేసింది. ఆ రోజు నుంచి టైలరు చేతిలో కత్తెర తిన్నగా నడవలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, నువ్వూ రావాలన్నాడు.

"ఆ బిడ్డ ముందర నా పరువు పోకూడదు అల్లుడా. నీకు ఈత వచ్చు. పక్కనుండు, సాలు."

వయసులో నాకంటే కాస్త పెద్ద, ఆ కాస్తకే నన్ను అల్లుణ్ని చేసుకున్నాడు. నేను సరేనన్నాను. పరువు కాపాడదామని కాదు, అది పోయేటప్పుడు దగ్గరుండి చూద్దామని.

మాది గొర్రెలు కాసే ఇల్లు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి గానీ, ఈత మీసాలు రాకముందే వచ్చింది. మా నాయన వీపుకు ఎండిన సొరకాయలు కట్టి బావిలోకి తోసేశాడు. మా బావుల్లో ఈతకు ఒక పద్ధతుంది. నీళ్లలో పడీపడగానే కాళ్లతో దబదబా బాదాలి. రాళ్ల సందుల్లోని నీటిపాములు ఆ చప్పుడుకు లోపలికి పోతాయి. ఎంత గట్టిగా బాదితే అంత మంచి ఈతగాడు.

పడవ ఒక చిన్న దీవి దగ్గర ఆగింది. గైడు నడివయసు మనిషి. కళ్లూ ముక్కూ మూసే అద్దమొకటి మాకు తొడిగి, ఊపిరికి నోట్లో ఒక గొట్టం పెట్టి, హిందీలో చాలాసేపు చెప్పాడు. నాకు హిందీ రాదు. టైలరే తెలుగులో చెప్పాడు: కాళ్లు మెల్లగా ఆడించాలంట, నీళ్లు కొట్టకూడదంట, పగడాలు రాళ్లు కావు, ప్రాణమున్నవి, వాటిమీద కాలు మోపకూడదంట. ఈతరాని మనిషి నాకు ఈత చెబుతున్నాడు. గమ్మునుండు మామా, నేను బాయిలో పెరిగినోణ్ని అన్నాను.

ఆయన్ను నిచ్చెన మీద నుంచి దించారు. రబ్బరు చక్రాన్ని రెండు చేతులా వాటేసుకుని, భయంతో బిగుసుకుపోయి, ముఖం నీళ్లలో పెట్టి కట్టెలా తేలాడు. గైడు ఆ చక్రాన్ని మెల్లగా లాక్కుంటూ పోయాడు. మనవరాలు పక్కనే ఈదుతోంది.

నేను పడవ అంచు నుంచి దూకాను. దూకి, బాదాను. కింద ఏవో రంగులు తళుక్కుమని మాయమయ్యాయి. ముందుకుపోయి ఇంకోచోట బాదాను. అక్కడా అంతే. జీవితమంతా మందను కాసినవాణ్ని, ఆ పూట మందలో పడ్డ తోడేలునయ్యాను. ఆపుదామనే అనుకున్నాను. ఒంటికి వాళ్లు కట్టిన లైఫ్ జాకెట్టు ఉన్నా, ఆపితే మునుగుతామని నా కాళ్ల నమ్మకం. దూరం నుంచి గైడు చేతులు ఊపాడు. మెచ్చుకుంటున్నాడేమోనని ఇంకా గట్టిగా బాదాను. ఆయన వచ్చి, నన్ను మర్యాదగానే పడవెక్కించాడు.

తువ్వాలు కప్పుకుని పైనుంచి చూస్తే, టైలరు ముఖం ఎత్తడంలేదు. భయమేసింది. గొట్టంలోంచి ఊపిరి చప్పుడు వినిపించాక కుదుటపడ్డాను. చక్రం మీద బిగిసిన వేళ్లు వదులయ్యాయి. గైడు పైకి రమ్మంటే, ఇంకొంచెం సేపు అన్నట్టు ఒక చెయ్యి ఎత్తాడు.

పడవెక్కాక మనవరాలు జుట్టు పిండుకుంటూ అడిగింది.

"దాదా, కువైట్లో గూడా ఇట్లనే ఉండెనా?"

ఆయన నా వైపు చూశాడు. ఇన్నేళ్లుగా నేను దాచిపెట్టుకున్న మాట నాలుక చివరికొచ్చింది. ఎందుకో అక్కడే ఆగింది.

"ఆడ ఇంత దగ్గరగా చూళ్లేదు బేటా" అన్నాడు.

అది అబద్ధం కాదు. ఒడ్డున నిలబడినవాడికి సముద్రం ఎప్పుడూ కాస్త దూరమే. ఆ పిల్ల నా వైపు తిరిగి, తాతా, నువ్వేం చూసినావు అంది. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

"ఆయప్ప మనకంటే ముందే అంతా చూసి, పడవెక్కి కూచున్యాడు" అన్నాడు టైలరు, గొంతులో నవ్వు లేకుండా.

తిరుగు ప్రయాణంలో సిగ్గు విడిచి అడిగాను, కింద ఏముండింది మామా అని. ప్రొద్దుటూరు చేరేదాకా చెప్పాడు. నీలం గుడ్డ అంచుకు పసుపు పైపింగు వేసినట్టు ఒక చేపంట. జాకెట్టు చేతికి కుచ్చులు పెట్టినట్టు పెదవులు తెరుచుకుని ఒక పెద్ద ఆల్చిప్పంట. ఒక పగడం అచ్చం గొర్రె మెదడులా ఉండిందని కూడా అన్నాడు. అది నా కోసం కలిపాడని అనుమానం.

ఇప్పుడు ఆయన అంగట్లో కూర్చుని, వచ్చినవాళ్లకు సముద్రం సంగతులు చెప్పేది నేను. ఆయన వింటూ మిషను తొక్కుతుంటాడు. ఒకసారి మాత్రం నేను ఆ చేప పైపింగు ఎరుపని చెప్పాను.

"పసుపు" అన్నాడు, తల ఎత్తకుండా.