కరియ, ఎర్రోడు, కొంచెం బుగ్గ

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు మనిషి పోయిన తర్వాతే ఒళ్లు చేసేవాడు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, డెబ్బైల చివర్లో నేను పని నేర్చుకున్న బోర్డుల దుకాణంలో ఇది మామూలు సంగతి. మేము అంగళ్ల బోర్డులు రాసేవాళ్లం, మధ్యమధ్యలో పోయినవాళ్ల పటాలు వేసేవాళ్లం. ఎవరో ఒకాయన పంచె చెంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చి, తండ్రిదో తాతదో చిన్న ఫొటో బల్ల మీద పెట్టి, "అన్నా, కొంచెం బుగ్గ పెట్టన్నా" అనేవాడు. వానలు లేక, శెనక్కాయ పండక, దవడలు లోపలికి పోయిన మనిషిని పటంలోనైనా నిండుగా చూసుకోవాలని వాళ్ల ఆశ. మా గురువు (ఊరంతా బ్రష్షన్న అనేది, అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో) ఏనాడూ కాదనలేదు. బుగ్గలు నింపి, వెనక ఎర్ర పరదా, పక్కన టీపాయి, దాని మీద పూలకుండీ వేసి ఇచ్చేవాడు. అందుకే మా పక్క ఏ ఇంట్లో చూసినా గోడ మీదున్న పెద్దలు దిట్టంగా ఉంటారు. కరువంతా బతికున్నవాళ్లకే.

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్లవాణ్ణి. తాత దిగిన మగ్గం గుంతలోకి నేను కూడా దిగకుండా రంగుల డబ్బాలు పట్టుకుని తిరగడం మా నాయనకు కిట్టేది కాదు. ఒకసారి దుకాణానికే వచ్చి తేల్చి చెప్పాడు. "నీ సొంతంగా ఒక పటం ఎయ్. ఏపిచ్చుకున్నోళ్లు దాన్ని గోడకు తగిలిస్తే నీ దావ నీది. తగిలీలేదంటే మగ్గం కాడికి రా." నేను సరే అన్నాను. ఇరవై ఏళ్ల వయసులో సరే అనడానికి ఆలోచనతో పనిలేదు. అప్పటికి నేను సొంతంగా వేసినవి ఒక సైకిలు షాపు బోర్డు, దాని మీద చక్రం. ఆ చక్రం కూడా కొంచెం కోడిగుడ్డు పోలికలో వచ్చింది.

బ్రష్షన్న కూతురి పురుడికని ఊరెళ్లిన రోజుల్లో బెళుగుప్ప వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తలకు తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. పటం కావాలన్నాడు. ఇద్దరూ కలిసే ఉండాలన్నాడు. ఎవరు పోయారని నెమ్మదిగా అడిగాను (పోయినవాళ్ల సంగతి ఎలా అడగాలో బ్రష్షన్న నేర్పాడు, గొంతు తగ్గించి, బ్రష్షు కింద పెట్టి).

"కరియ, ఎర్రోడు."

"కొడుకులా పెద్దాయనా?"

"కుక్కలప్పా" అన్నాడు, అది కూడా తెలీదా అన్నట్టు.

ఫొటో అడిగాను. సంచిలోంచి ఒక పెళ్లి ఫొటో తీశాడు. నిండా బంధువులు. ఆ చివర, ఎవరి కాళ్ల వెనకనుంచో ఒక తోక. దాని మీద వేలు పెట్టి "ఈడుండాడు సూడు కరియ" అన్నాడు. తోకే ఉంది కదా, మరి ఎర్రోడెక్కడ అంటే, ఫొటో అంచు దాటి బల్ల మీద వేలు పెట్టి, "వాడు ఇంగా అవతల కూసున్యాడు" అన్నాడు. నేను కూడా ఆ బల్ల వైపు కాసేపు చూశాను. నవ్వుదామనుకున్నాను గానీ ఆయన అప్పుడే తువ్వాలు కళ్లకు ఒత్తుకున్నాడు. "రాత్రిపూట శేను కాడ పండుకునేది మేమిద్దరమూ, ఆ రెండూ. పంట పోయిన యేడు కూడా పోయి కాపలా కాసినాయప్పా, ఏమీ లేని శేనుకు. కరియ పోతానే ఎర్రోడు ముద్ద ముట్టలేదు, వాడూ పోయినాడు. మా ఇంటామె ఇంగా దినామూ సంగటి ముద్ద తీసి పక్కన పెడ్తాండాది. వాటి మొగాలు మర్సిపోతాండానని ఏడుస్తాది. నువ్వెట్లన్నా చెయ్యల్ల."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం ఎంత కష్టమో సామెత చెప్పినవాడికి తెలిసే ఉంటుంది, తోక పట్టుకుని కుక్కను గీయడం అంతకన్నా కష్టం. బస్టాండు పక్క హోటలు వెనకాల తిండికి లోటులేని కుక్క ఒకటి ఉండేది. దాన్నే చూసి ఇద్దరినీ వేశాను, ఒకరికి నల్లరంగు, ఒకరికి ఎర్రరంగు. పోయినవాళ్లు కాబట్టి అడక్కుండానే బుగ్గ పెట్టాను. కుక్కకు బుగ్గ ఎక్కడుంటుందో సరిగా తెలియక ఒళ్లంతా పెట్టాను. వెనక ఎర్ర పరదా, మధ్యలో టీపాయి, పూలకుండీ, అటొకరు, ఇటొకరు. పట్టభద్రుల్లా కూర్చున్నారు. చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

పటం ఇచ్చే రోజున నాయన కూడా నాతో పెద్దాయన ఊరికి బస్సెక్కాడు, నా బట్టలు సర్దుకోవడానికి ఒక ఖాళీ సంచితో సహా. నేను రంగులు, బ్రష్షులు తీసుకెళ్లాను, అందరి ముందరా సంతకం చేద్దామని. పెద్దాయన భార్య చేతులు కడుక్కుని వచ్చి, గోడకు కొట్టిన మేకు కింద నిలబడింది. కాగితం విప్పాను. ఆమె దగ్గరికొచ్చి చూసింది, దూరం జరిగి చూసింది.

"ఎవురి కుక్కలు నాయనా ఇవి?"

"బెంగళూరు కుక్కల మాదిరి ఉండాయి" అన్నాడు పెద్దాయన.

మా నాయన ఖాళీ సంచి దులిపాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మగ్గం గుంత కళ్ల ముందు కనబడింది. "పెద్దమ్మా, యాడ తప్పిందో చెప్పు, ఈడనే దిద్దుతా" అన్నాను. ఆమె నా పక్కన నేల మీద కూర్చుంది. "ఇంత కండ యాడిదప్పా మా కరియకు? మేము తింటే కదా వాడు తినేది! పక్కటెముకలు ఇట్లా అగపడతాండె" అని తన వేళ్లు విడదీసి చూపించింది. బుగ్గలు తీసేశాను. నడుములు లోపలికి లాగాను. ఎర్రోడి చెవి అడివిపంది చీల్చిందంటే చీల్చాను. తర్వాత పక్కటెముకలు వేయడం మొదలుపెట్టాను. ఏ కుక్కనూ చూడలేదు. ఎముక ఎక్కడ పైకి వస్తుందో, మధ్యలో తోలు ఎలా లోపలికి పోతుందో, ఊపిరి పీలిస్తే నీడ ఎక్కడ పడుతుందో చేతికే తెలుస్తోంది. వేస్తూ ఉంటే పక్కన ఆమె చిన్నగా, "కరియా, వచ్చినావా" అంది. లోపలికి పోయి రెండు సంగటి ముద్దలు తెచ్చి పటం ముందు పెట్టింది. పరదా, టీపాయి చెరిపేయమంటారా అని అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. "పూలకుండీ ఉండనీ. ఇంటికి అందంగా ఉంటాది." పటం మేకుకెక్కింది. సంతకం సంగతి నాకు గుర్తే రాలేదు.

బస్సు కోసం నిలబడినప్పుడు నాయన అడిగాడు. "ఎముకలు బాగా ఏసినావు. యాడ నేర్చుకున్యావురా?"

"ఇంట్లోనే నాయనా" అన్నాను.

మగ్గం గుంతలో చొక్కా లేకుండా కూర్చునే మనిషి ఆయన. పుట్టినప్పటినుంచీ ఆయన ఎదురుగా కూర్చుని నేను చూసింది అవే. నాయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, ధర్మవరానికి ఒక్కడే బస్సెక్కాడు. మళ్లీ మగ్గం మాట ఎత్తలేదు.

ఆ పటం తర్వాత, ఉన్నది ఉన్నట్టు వేస్తానని నాకు పేరొచ్చింది. బుగ్గ పెట్టమని అడిగినవాళ్లకు పెద్ద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి, వాళ్లు వినలేక బ్రష్షన్న దగ్గరికి పోయేవాళ్లు. ఎనభైల చివర్లో మా నాయన పోయాడు. ఆయన పటం నేనే వేశాను, దవడలతో సహా ఉన్నది ఉన్నట్టే. అమ్మ చాలాసేపు చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది, "కొంచెం బుగ్గ పెట్టరాదా నాయనా."

పెట్టాను. బాగానే పెట్టాను, చొక్కా కూడా తొడిగి గుండీలన్నీ పెట్టాను. పక్కన టీపాయి, పూలకుండీ. ఇప్పటికీ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పటం చూసి, మీ నాయన మంచి స్థితిమంతుడిలా ఉన్నాడే అంటారు. అవునంటాను.